పెట్టె అడుగున దొరికిన పాత చాకు: తుప్పు వదిలించి, పదును పెట్టి, రోజూ వాడుకోవడం ఎలా

"ట్రంకుపెట్టె సర్దుతుంటే తాతయ్య చాకు దొరికింది. అలుగు తెరుచుకోవడం లేదు. ఏం చేయమంటారు?"

నెలకు రెండు మూడుసార్లైనా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. కొందరు అడిగేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. ఎమ్రీ పేపరు పెట్టి తళతళలాడేదాకా రుద్దేసి, కంపెనీ ముద్ర కూడా అరగదీసేసి, "ఇక పదును ఒక్కటే మిగిలింది" అంటారు. అందుకే మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది మడత చాకు గురించి, అందులోనూ తాళం పడని పాతకాలం రకం గురించి. పిడి వీపున ఒక స్ప్రింగు పట్టీ ఉంటుంది. అలుగు తెరిచినా మూసినా దాన్ని నొక్కిపట్టేది ఆ పట్టీయే. దీన్ని స్లిప్‌జాయింట్ అంటారు. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ నుంచి, జర్మనీలో జోలింగెన్ నుంచి వచ్చి మన ఇళ్లల్లో మిగిలిపోయినవి ఎక్కువగా ఈ రకమే.

మాటల్లో తికమక లేకుండా ముందే చెబుతాను. కోసే ఉక్కు ముక్క మొత్తం అలుగు. పదునున్న అంచు వాదర. చివర మొన, వెనక మందంగా ఉండేది వీపు. వాదర మొదలయ్యే ముందు, పిడి పక్కన, పదును లేని చిన్న చదరం ఉంటుంది. దాన్ని మడమ అందాం. కంపెనీ ముద్ర మామూలుగా దాని మీదే ఉంటుంది.

పని మొత్తానికి ఒకటే షరతు. ఏ దశలోనైనా వీలైనంత తక్కువ ఉక్కు తీయండి. చాకు కొత్తదానిలా మెరవక్కర్లేదు, నిమ్మకాయ కోస్తే చాలు.

## 1. ముందు చాకును చదవండి

చేతిలోకి తీసుకున్న వెంటనే రుద్దడం మొదలుపెట్టకండి. కిటికీ వెలుతురులో పది నిమిషాలు చూడండి. ఫోన్‌తో రెండు వైపులా ఫొటోలు తీసుకోండి, ముద్ర దగ్గర్నుంచి తీయండి. తర్వాత ఏదైనా అరిగిపోతే ఆ ఫొటోయే మీకు ఆధారం.

ముద్ర. పాత ముద్రలు ఉక్కులోకి దిగి ఉంటాయి, గోరు ఆనిస్తే తగులుతాయి. నక్షత్రం, దాని పక్కన మాల్టా శిలువ (చివర్లు వెడల్పైన నాలుగు రెక్కల శిలువ) గుర్తు ఉంటే అది షెఫీల్డ్‌లోని జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీది. ఆ గుర్తు 1682 నుంచి ఉంది. "6 నార్‌ఫోక్ స్ట్రీట్" అన్న చిరునామా కూడా వాళ్లదే. కిరీటం పక్కన వి.ఆర్. అని ఉంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1901 లోపు. ఇలాంటి ముద్ర కనిపిస్తే మడమ జోలికి అసలు పోవద్దు.

పిడి. దీన్ని బట్టే తడి ఎంతవరకు తగలనివ్వాలో తేలుతుంది. ఎముక పిడి మీద సూదితో గుచ్చినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. చెక్కకు చార ఉంటుంది. తాబేటి చిప్పలా, ముత్యంలా మెరిసే రంగురంగుల పిడి అయితే అనుమానించండి, అది సెల్యులాయిడ్ కావచ్చు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అదే, ఎందుకంటే సెల్యులాయిడ్ తయారీలో కర్పూరం కలుపుతారు. కర్పూరం లాగే దానికీ నిప్పు తగిలితే చాలు, భగ్గుమంటుంది, కాబట్టి వేడికి దూరంగా ఉంచండి. పాతబడితే అది కుళ్లి, పుల్లటి ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికి పక్కనున్న చాకులు కూడా తుప్పు పడతాయి. దాన్ని ఎప్పుడూ విడిగానే దాచండి.

జింక కొమ్ము పిడి ఇంట్లో తరతరాలుగా ఉన్నది సరే, బజార్లో మాత్రం కొనకండి. ఏనుగు దంతం అయితే అమ్మడం, కొనడం రెండూ నేరమే. షెఫీల్డ్ వాళ్లు పిడులకు వాడిన కొమ్ముల్లో మన దేశపు కణుజువీ ఉన్నాయి. అలా ఇక్కడి నుంచి వెళ్లిన కొమ్మే చాకై ఇక్కడికి తిరిగొచ్చిన సందర్భాలు ఉంటాయి.

చూసుకోవాల్సినవి:

- అలుగు పక్కలకు ఊగుతోందా?
- తెరిచేటప్పుడు, మూసేటప్పుడు "టక్" మంటోందా, జావలా జారుతోందా?
- మూసినప్పుడు మొన పిడిలోనే దాగుతోందా, బయటికి పొడుచుకొస్తోందా?
- స్ప్రింగు పట్టీ మీద అడ్డంగా చీలిక ఉందా? ఉంటే అది ఇక చూసుకోవడానికే, వాడకానికి కాదు.
- తుప్పు పైపైన ఎర్ర పొడిలా ఉందా, గుంటలు పడిందా?

## 2. సామాను

ఇందులో అరుదైనవేవీ లేవు. సగం ఇంట్లోనే ఉంటాయి.

- మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ ఒక సీసా. మలబద్ధకానికి ఇచ్చేదే. వాసన ఉండదు, జిడ్డుకట్టదు, తినే వస్తువుకు కాస్త తగిలినా ఫర్వాలేదు
- కీలు కోసం కుట్టు మిషన్ ఆయిల్
- పాత టూత్‌బ్రష్, వెదురు టూత్‌పిక్కులు
- పాత పంచె ముక్కలు
- నాలుగు సున్నాల స్టీల్ ఊల్. గిన్నెలు తోమే స్టీల్ పీచు పనికిరాదు, గీతలు పడతాయి
- ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉన్న సానరాయి. హార్డ్‌వేర్ షాపులో కార్బొరండం రాయి అని అడగండి
- 1000, 2000 నంబర్ల వాటర్ పేపర్లు, ఒక మందపాటి గాజు ముక్క
- పాత తోలు బెల్టు
- మార్కర్ పెన్ను
- మాస్కింగ్ టేపు

కొబ్బరినూనె వద్దా అని అడుగుతారు. చలికాలంలో గడ్డకట్టి కీలులో మైనంలా కూర్చుంటుంది. వేరుశనగ నూనె మరీ అన్యాయం, నెల తిరిగేసరికి బంకలా మారుతుంది. మన ఇళ్లలో దొరికే పాత చాకులు సగం బిగుసుకుపోయేది తుప్పుతో కాదు, ఎవరో ప్రేమగా వేసిన వంటనూనెతో.

## 3. బిగుసుకున్న అలుగును తెరవడం

పళ్లతో లాగేవాళ్లను చూశాను, అందుకే చెబుతున్నాను: వద్దు. కటింగ్ ప్లయర్‌తో నేరుగా పట్టుకున్నా వద్దు, అలుగు మీద పళ్ల గాట్లు జీవితాంతం ఉంటాయి.

1. కీలు దగ్గర రెండు వైపులా రెండేసి చుక్కలు మిషన్ ఆయిల్ వేయండి. స్ప్రింగు పట్టీ పొడవునా ఇంకో నాలుగు చుక్కలు.
2. చాకును కీలు కిందికి వచ్చేలా ఒక గ్లాసులో నిలబెట్టి రాత్రంతా వదిలేయండి.
3. పొద్దున అలుగు వీపు దగ్గరున్న గోటి గాడిలో గోరు కాకుండా నాణెం అంచు పెట్టి మెల్లగా ఎత్తండి. వెంట్రుకవాసి కదిలితే చాలు, మళ్లీ నూనె వేసి మూసేయండి.
4. అలా నాలుగైదుసార్లు చేస్తే మెల్లగా వదులవుతుంది. మూడు రోజులు పట్టినా కంగారు పడకండి.
5. అప్పటికీ రాకపోతే అలుగుకు పంచె ముక్క నాలుగు మడతలు చుట్టి, దాని మీద ప్లయర్‌తో పట్టి తిన్నగా లాగండి. పక్కకు తిప్పితే విరుగుతుంది.

అలుగు తెరుచుకునే దారిలో వేళ్లు ఉండకూడదు. మూసేటప్పుడు అరచేతిని చాచి వీపు మీద ఆనించి నెట్టాలి. వేళ్లు పిడి చుట్టూ మడిచి మూస్తే, స్ప్రింగు ఒక్కసారిగా లాగినప్పుడు వాదర వేళ్ల మీదే పడుతుంది.

## 4. లోపలి మురికి తీయడం

పిడి గాడిలోకి తొంగిచూస్తే జేబు నూలు, పొగాకు పొడి, ఎండిన పండ్ల రసం, ఇసుక అన్నీ కలిసి నల్లగా పేరుకుని ఉంటాయి. అలుగు గట్టిగా కదలడానికీ, వాదర తొందరగా మొద్దుబారడానికీ ఇదే కారణం. మూసిన ప్రతిసారీ వాదర ఆ ఇసుకకు ఒరుసుకుంటుంది.

టూత్‌పిక్ చివరను నమిలి కుంచెలా చేసుకుని గాడి పొడవునా గీకండి. తర్వాత కీలుకు నూనె వేసి అలుగును ఇరవై ముప్ఫైసార్లు తెరిచి మూయండి. కీలు సందులోంచి నల్లటి బురద వస్తుంది, గుడ్డతో తుడవండి. మళ్లీ నూనె, మళ్లీ తెరవడం మూయడం. నూనె తేటగా బయటికి వచ్చేదాకా ఇదే పని. నా చేతికొచ్చిన ఒక చాకుకు పదకొండుసార్లు పట్టింది.

సబ్బునీళ్లు వాడొచ్చు, కానీ నానబెట్టకండి. బ్రష్‌తో రుద్ది, వెంటనే తుడిచి, ఫ్యాను కింద గంటసేపు తెరిచి ఉంచి, తర్వాత నూనె వేయండి. చెక్క పిడి అయితే సబ్బునీళ్లు మానేయడమే మేలు.

## 5. తుప్పు: ఎరుపు పోవాలి, నలుపు ఉండాలి

పాత చాకులు ఎక్కువగా కార్బన్ స్టీల్. స్టెయిన్‌లెస్ కాదు కాబట్టి రంగు మారతాయి. ఆ రంగు రెండు రకాలు. ఎర్రగా, వేలికి అంటుకునేది తుప్పు, అది ఉక్కును తింటుంది. బూడిదరంగుగా, నల్లగా, కొన్నిచోట్ల నీలంగా నున్నగా ఉండేది పాటినా. అది ఉక్కును కొంతవరకు కాపాడే పొర. ఎరుపు తీయండి, నలుపు జోలికి పోకండి.

1. మడమ మీద ముద్రకు మాస్కింగ్ టేపు వేయండి.
2. అలుగు మొత్తానికి లిక్విడ్ పారాఫిన్ రాసి అరగంట ఆగండి.
3. స్టీల్ ఊల్‌ను అదే నూనెలో తడిపి, మడమ నుంచి మొన వైపు ఒకే దిశలో రుద్దండి. గుండ్రంగా వద్దు. అలుగును బల్ల మీద ఆనించి రుద్దండి, గాలిలో పట్టుకుంటే చేయి జారుతుంది.
4. మొండి మచ్చలు మిగిలితే జల్లించిన కట్టెల బూడిదను నూనెలో కలిపి గుడ్డతో రుద్దండి. ఇటుక పొడి వద్దు, చారలు పడతాయి.
5. గుంటలు పడిన చోట తుప్పు పొడిని టూత్‌పిక్‌తో తీసి, నూనె వేసి వదిలేయండి. గుంట పోయేదాకా అరగదీస్తే అలుగు సగమవుతుంది.

ఇత్తడి చెంబుకు రాసినట్టు చింతపండు రాస్తే? అలుగు మెరుస్తుంది, నిజమే. కానీ ఆ పులుపు కీలు సందుల్లోకి దిగితే కడిగినా పోదు, నెల్లాళ్లకు లోపల్నుంచి ఎర్రగా కారుతుంది. నిమ్మరసంలో, వెనిగర్‌లో చాకు మొత్తాన్ని ముంచడం కూడా అదే తప్పు.

## 6. అలుగు ఊగుతుంటే

పక్కలకు వెంట్రుకవాసి కదలిక పాత చాకులకు మామూలే. నిమ్మకాయ కోయడానికి అడ్డు రాదు. వదిలేయండి.

బాగా ఊగితే కీలు రివెట్‌ను బిగించాలి. ఒక వైపు రివెట్ తలను ఇనుప దిమ్మ మీద ఆనించి, రెండోవైపు తలను చిన్న గుండ్రటి సుత్తితో మెల్లగా తట్టాలి. మూడు దెబ్బలు, ఒకసారి తెరిచి చూడడం, మళ్లీ మూడు దెబ్బలు. ఎముక పిడి కింద రివెట్ తల దాగి ఉంటే మాత్రం ఈ పని చేయకండి, ఎముక పగులుతుంది. బిగువు ఎక్కువైపోతే వెనక్కి తీసుకోవడం మహా కష్టం.

## 7. పదును పెట్టడం

ముందు నా సంగతి. మా తాతయ్య చాకుకు రెండు అలుగులు. చిన్నదానితో ఆయన తమలపాకుల ఈనెలు తీసేవారు. అది అరిగి అరిగి అగ్గిపుల్లంత సన్నమైంది. పెద్దది బాగానే ఉండేది. ఇరవై రెండేళ్ల వయసులో దాన్ని సైకిలు చక్రానికి సాన బిగించుకుని వీధిలోకి వచ్చిన మనిషికి ఇచ్చాను. నిప్పురవ్వలు చూసి ముచ్చటపడ్డాను కూడా. చేతికిచ్చేసరికి మొన దగ్గర అంగుళం మేర నెమలి కంఠం రంగు తిరిగింది. ఆ మధ్యాహ్నం పచ్చిమామిడికాయ కోస్తే వాదర రేకులా మడతపడింది.

కారణం ఇదీ. చాకు ఉక్కును గట్టిపరిచాక సుమారు 200 డిగ్రీల దగ్గర వేడిచేసి పదును నిలిచేలా చేస్తారు. సానచక్రం మీద సన్నటి అంచు క్షణంలో దాన్ని దాటిపోతుంది. నీలం రంగు వచ్చిందంటే 300 డిగ్రీల దాకా వెళ్లిందన్నమాట. ఆ మేర ఉక్కు మెత్తబడిపోయినట్టే. అందుకే చక్రం వద్దు, చేతి రాయి మాత్రమే.

కోణం. ఒక్కో వైపు సుమారు 15 డిగ్రీలు. కోణమానిని అక్కర్లేదు. అలుగు వెడల్పు 12 మిల్లీమీటర్లు ఉంటే, వీపును రాయి మీద నుంచి 3 మిల్లీమీటర్లు ఎత్తితే దాదాపు ఆ కోణమే వస్తుంది. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే ఇంచుమించు అంత ఎత్తు. బిళ్లలు రాయి మీద పెట్టి, వీపు వాటి మీద ఆనించి, చేతికి ఆ వాలు అలవాటయ్యాక బిళ్లలు తీసేయండి.

మార్కర్ పరీక్ష. వాదర పొడవునా రెండు వైపులా మార్కర్‌తో నల్లగా గీయండి. రాయి మీద రెండుసార్లు లాగి చూడండి. నలుపు వాదర వాలు మొత్తం మీద, అంచు దాకా పోతే కోణం సరిపోయింది. పైన పోయి అంచున మిగిలితే వీపు ఎక్కువ కిందికి ఉంది. అంచున మాత్రమే దారంలా పోతే ఎక్కువ ఎత్తారు. ఈ ఒక్క పరీక్ష చేస్తే సగం తప్పులు జరగవు.

గరుకు వైపు.

1. రాయి కింద తడిగుడ్డ పరవండి, కదలకూడదు. రాయిని నీళ్లతో గానీ నూనెతో గానీ తడపండి. ఒకసారి నూనె వాడిన రాయికి ఎప్పుడూ నూనే.
2. మడమ దగ్గర మొదలుపెట్టి, రాయి మీది నుంచి పల్చటి పొర చెక్కుతున్నట్టు వాదరను ముందుకు నడపండి. మొన వచ్చేసరికి రాయి చివరికి చేరాలి. మొన దగ్గర పిడిని కొంచెం ఎత్తండి, లేకపోతే మొన వంపు మీద పదును పడదు.
3. ఒకే వైపు పదిసార్లు లాగి, రెండోవైపు బొటనవేలి మెత్తతో వీపు నుంచి అంచు బయటికి నిమరండి. వాదర వెంట పొడవుగా ఎప్పుడూ నిమరకండి. సన్నటి తీగలా ఏదో గీరుకుంటే అదే బర్. రెండోవైపుకు మడతపడిన ఉక్కు పొర అది.
4. బర్ మడమ నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా వచ్చేదాకా వైపు మార్చొద్దు. పదును రాలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఓపిక కోల్పోతారు.
5. బర్ వచ్చాక తిప్పి రెండోవైపూ అంతే చేయండి.

వాదర ఆరోగ్యంగా ఉండి, కాస్త మొద్దుబారిందంతే అయితే గరుకు వైపు జోలికే పోవద్దు, నేరుగా నునుపు వైపు మొదలుపెట్టండి.

నునుపు వైపు. ఇప్పుడు లెక్క మారుతుంది. ఇటు ఐదు, అటు ఐదు. తర్వాత మూడు, మూడు. తర్వాత ఒకటి, ఒకటి. ప్రతి దశలో నొక్కుడు తగ్గించండి, చివరి పది లాగుళ్లకు అలుగు సొంత బరువు చాలు. ఇంకా సన్నగా కావాలంటే వాటర్ పేపరును తడిపి గాజు ముక్క మీద పరిచి 1000, తర్వాత 2000 మీద ఇలాగే. కాగితం మీద మాత్రం వాదరను ముందుకు నెట్టకండి, కాగితం తెగుతుంది. వెనక్కే లాగండి.

బెల్టు. తోలు బెల్టు గరుకు వైపు పైకి పెట్టి బల్ల అంచుకు బిగించి, వీపు ముందుండేలా వెనక్కి లాగండి. ఒక్కో వైపు ఇరవైసార్లు. చివర తిప్పేటప్పుడు వీపు మీదుగా దొర్లించి తిప్పండి. మిగిలిన బర్ ఇక్కడ రాలిపోతుంది.

పరీక్ష. వార్తాపత్రిక కాగితం గాలిలో పట్టుకుని కోయండి. చిరచిరమంటే బర్ మిగిలింది, మళ్లీ బెల్టుకు వెళ్లండి. బాగా పండిన టమాటా మీద అలుగు ఆనించి నొక్కకుండా లాగితే తొక్క తెగాలి. చేతి వెంట్రుకలు గొరిగి చూపించడం సరదాగా ఉంటుంది గానీ, మన పనికి ఆ పదును అక్కర్లేదు.

రోజువారీ చిన్న సవరింపుకు రాయి కూడా వద్దు. ఆవకాయ జాడీని తిరగేస్తే అడుగున మెరుపు లేని గరుకు వలయం కనిపిస్తుంది. దాని మీద ఇటు నాలుగు అటు నాలుగు లాగితే వారం నడుస్తుంది. జాడీ ఖాళీగా ఉన్నప్పుడే సుమా!

ఒక మినహాయింపు. కడియం నర్సరీల వైపు అంటుకట్టడానికి వాడే చాకులు కొన్నింటికి ఒకవైపే వాలు ఉంటుంది, రెండోవైపు చదును. కొమ్మ మీద కోత తిన్నగా రావాలని అలా చేస్తారు. అలాంటిది మీ చేతికొస్తే వాలున్న వైపే నూరండి, చదును వైపు రాయికి పూర్తిగా ఆనించి రెండుసార్లు లాగితే చాలు.

## 8. పచ్చిమామిడితో పాటినా

మెరిసేదాకా రుద్దిన అలుగు వానాకాలంలో రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. దానికి నల్లపొర మనమే తెప్పించుకోవచ్చు.

అలుగును సబ్బుతో కడిగి జిడ్డు పూర్తిగా తీసేయండి. పచ్చిమామిడికాయ కోసి, ఆ తడిని అలుగు మీద పది నిమిషాలు అలాగే వదిలేయండి. మీ కళ్ల ముందే ముందు పసుపుగా, తర్వాత గోధుమరంగుగా, చివరికి నీలం కలిసిన బూడిదరంగుగా మారుతుంది. ముక్క ఆనిన చోట ఒక అల, ఆనని చోట ఇంకో అల. కడిగి, తుడిచి, నూనె రాయండి. వారంలో నాలుగైదు కాయలు కోస్తే రంగు కుదురుకుంటుంది. కీలు దాకా రసం పోనివ్వకండి.

మొదటి రెండు మూడు రోజులు ముక్కలకు ఇనుప వాసన వస్తుంది, ముక్క అంచు కూడా నల్లబడుతుంది. పొర కుదిరాక అది బాగా తగ్గుతుంది. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే ఆ మామిడి ముక్కలు మీరొక్కరే తినాలి.

## 9. వాడకంలో

తాళం లేని చాకు కోయడానికే, పొడవడానికి కాదు. వాదర వైపు బలం పడుతున్నంతసేపు అలుగు తెరిచే ఉంటుంది. వీపు వైపు బలం పడిందంటే మూసుకుంటుంది, మూసుకునేది మీ వేళ్ల మీదే. మొనతో గట్టిగా గుచ్చినప్పుడు జరిగేది అదే.

కోయొచ్చు: పండ్లు, కూరగాయలు, తమలపాకు ఈనెలు, తాటిముంజెల తొక్క, పురికొస, పార్సిల్ టేపు, పెన్సిలు, పూలమొక్కల రెమ్మలు.

వద్దు: వక్క (దానికి అడకత్తెర ఉంది), కొబ్బరి చిప్ప, కరెంటు వైరు, డబ్బా మూత, స్క్రూ.

ఇంకొకరికి ఇవ్వాల్సివస్తే మూసి ఇవ్వండి. మన ఇళ్లలో కత్తి చేతికివ్వకూడదు, కింద పెడితే వాళ్లే తీసుకోవాలి అంటారు కదా. గొడవలొస్తాయన్న భయం సంగతి ఎలా ఉన్నా, ఆ అలవాటు మాత్రం వేళ్లకు మంచిది.

మూసేటప్పుడు "టక్" శబ్దం కోసం వదిలేయకండి. అరిగిన చాకుల్లో వాదర వెళ్లి లోపలి స్ప్రింగుకు కొట్టుకుంటుంది, సరిగ్గా అదే చోట చిన్న నొక్కు పడుతుంది. వేలి అదుపులో మూయండి.

## 10. దాచడం

- వాడిన వెంటనే తుడవాలి. సింకులో వదిలేస్తే గంటలో మచ్చ
- వారానికోసారి అలుగుకు లిక్విడ్ పారాఫిన్ ఒక చుక్క, నెలకోసారి కీలుకు మిషన్ ఆయిల్ ఒక చుక్క
- తోలు సంచిలో నెలల తరబడి ఉంచొద్దు, తోలు చెమ్మ పీలుస్తుంది
- విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో మూత గట్టిగా పడే డబ్బా, అందులో మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు

## 11. జేబులో పెట్టుకు తిరిగేటప్పుడు

మన దేశంలో ఆయుధాల చట్టం (1959) కింది నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు అలుగున్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి తయారైనవి అందులో పడవు. మూడు అంగుళాల జేబు చాకు ఆ కొలతలకు చాలా దూరం. అయినా కోర్టుకు, మెట్రోకు, సభలకు వెళ్లేరోజు ఇంట్లో వదిలేయండి, గేటు దగ్గర కొలతల గురించి వాదించి లాభం లేదు. బటన్ నొక్కితే తెరుచుకునే రకాల జోలికి పోవద్దు. విమానంలో చేతిసంచిలో వద్దే వద్దు, చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు: తాళం పడని మడత చాకు, వాదర 3 అంగుళాల లోపు అయితే కారణం చెప్పకుండా జేబులో ఉంచుకోవచ్చు. తాళం పడేదైతే ఎంత చిన్నదైనా సరైన కారణం చూపాలి. అమెరికాలో రాష్ట్రానికో రూలు, మీ ఊరిది చూసుకోండి.

## 12. ఇంట్లో పాతది లేకపోతే

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో ఓపికగా వెతికితే గురువారాల్లో ఒకటీ అరా దొరుకుతాయి. అలుగు సగం అరిగినదైనా ఫర్వాలేదు గానీ, స్ప్రింగు బతికున్నది ఎంచుకోండి. సానచక్రం గీతలున్నది, ముద్ర ఉక్కులోకి దిగకుండా పైపైన అచ్చేసినట్టున్నది వద్దు.

కొత్తదే కొనాలంటే ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతం నుంచి వచ్చే ఓపినెల్. 1890 నుంచి దాని రూపం పెద్దగా మారలేదు. 8వ నంబరు అలుగు 8.5 సెంటీమీటర్లు, కార్బన్ స్టీల్‌లోనూ దొరుకుతుంది. దానికి స్ప్రింగు ఉండదు, 1955 నుంచి కీలు దగ్గర తిప్పే ఉంగరం తాళం వచ్చింది. కాబట్టి పైన చెప్పిన బ్రిటన్ మినహాయింపు దీనికి వర్తించదు. వానాకాలంలో చెక్క పిడి ఉబ్బి అలుగు ఇరుక్కుంటుంది. ఉంగరం తాళం తెరిచి, పిడి వెనక కొనను బల్లకు టక్కున కొడితే అలుగు గోటికి అందేంత బయటికొస్తుంది. సవోయ్ వాళ్ల పాత చిట్కానే ఇది.

## 13. తరచూ వచ్చే ఇబ్బందులు

నూరాక మడమ పక్కన చిన్న గొయ్యి పడింది. ప్రతి లాగుడూ రాయి అంచు మీద అక్కడే మొదలుపెట్టడం వల్ల. ఇకమీదట రాయి మధ్యలోంచి మొదలుపెట్టండి. మిగతా వాదర అరిగేకొద్దీ గొయ్యి కలిసిపోతుంది.

మొన గుండ్రబడింది. మొన రాయి దాటి జారిపోతోంది. లాగుడు చివర మొన రాయి మీదే ఆగాలి.

పదును రెండు రోజులే ఉంటోంది. బర్ మిగిలిపోయి ఉంటుంది. బెల్టు మీద ఇంకో ముప్ఫైసార్లు. అప్పటికీ నిలవకపోతే ఎవరో ఎప్పుడో చక్రం మీద పెట్టి ఉంటారు. ఆ మెత్తబడిన అంచు అరిగేదాకా రాయి మీద నూరుతూ పోవాలి. తాతయ్య చాకుకు నాకు ఆరేళ్లు పట్టింది.

మూస్తే మొన పిడి బయటికి పొడుచుకొస్తోంది. మొన విరిగినప్పుడు ఎవరో వాదర వైపు నుంచి అరగదీసి సరిచేశారన్నమాట. అలాంటి చాకును జేబులో పెట్టుకోకండి. సరిచేయాలంటే వీపు వైపు నుంచి, మొన దగ్గర మాత్రమే, నునుపు రాయి మీద కొద్దికొద్దిగా తీయండి. నాలుగు లాగుళ్లకోసారి మూసి, పిడి అంచు మీద గోరు జార్చి చూడండి. గోటికి మొన తగలనప్పుడు ఆపేయండి.